‘కల్చర్’ మాటలకు ఒకటే కిటుకు

మా భీమవరం వైపు పిల్లలు చేపల చెరువుల మధ్యే పెరుగుతారు, పరీక్షలో పిసికల్చర్ అని కనబడితే మాత్రం బిక్కమొహం వేస్తారు. ఇంగ్లీషులో రాస్తే అలాంటి మాటల్లో చివరి ఏడక్షరాలు ఒకటే: కల్చర్ (culture), అంటే పెంపకం. దాన్ని వేలితో మూసి ముందుది చూడండి. అగ్రి పొలం, హార్టి తోట, ఫ్లోరి పువ్వు (కడియం నర్సరీలు గుర్తు తెచ్చుకోండి), పిసి చేప, ఏపి తేనెటీగ. ఈ ఏపి మన రాష్ట్రం కాదండోయ్! అన్నీ లాటిన్ మూలాలే.

స్పెల్లింగ్‌కీ ఇదే దారి. ఇక్కడ చెప్పినవాటన్నిటిలో కల్చర్‌కి ముందు ‘ఐ’ ఉంటుంది. రొయ్యల చెరువుల ఆక్వాకల్చర్‌లో మాత్రం ‘ఎ’. పిసిలో ‘ఎస్’ తర్వాత పలకని ‘సి’ ఒకటి నక్కి ఉంటుంది, మార్కులు పోయేది అక్కడే.