తీర్పు చదువుదాం – 5వ పాఠం: క్రియాపదం కింద గీత

పోయిన పాఠంలో తీర్పు మొదటి పేజీలు చదివాం. కోర్టుకు ఎవరు వెళ్ళారు, ఏం కోరారు అన్నవి అక్కడే దొరుకుతాయని చూశాం. ఈసారి చివరి పేజీలకు పోదాం. పెన్సిలు, చిన్న స్కేలు దగ్గర పెట్టుకోండి. పెన్ను వద్దు. మొదటిసారి గీసిన గీతను రెండోసారి చదివేటప్పుడు చెరపాల్సి వస్తుంది.

పాఠానికి తీసుకున్నది జాకబ్ పులియెల్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా. 2022 మే 2న సుప్రీంకోర్టులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్ ఇచ్చిన తీర్పు. కోర్టుకు వెళ్ళినాయన పిల్లల డాక్టరు, టీకాల మీద కేంద్రానికి సలహాలిచ్చే జాతీయ సాంకేతిక బృందంలో ఒకప్పుడు సభ్యుడు. కోవిడ్ టీకా ప్రయోగాల వివరాలు బయటపెట్టాలనీ, వేయించుకోనివాళ్ళ మీద ఆంక్షలు పెట్టకూడదనీ అడిగారు. ఈ తీర్పునే ఎందుకు ఎంచుకున్నానంటే, నాకు తెలిసిన తీర్పుల్లో జనం నోట ఇంతగా వంకరపోయింది మరోటి లేదు. ఇటువాళ్ళూ అటువాళ్ళూ తమకు పనికొచ్చే సగమే చెప్పుకుంటూ తిరిగారు.

2022 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్నే శ్రీకాకుళం నుంచి ఒక టీచరమ్మ విజయనగరంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. నేను కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యానని ఎవరో చెప్పారట. చేతిలో రెండు కాగితాలు. ఒకటి పై ఆఫీసు ఇచ్చిన మెమో. రెండు డోసుల సర్టిఫికెట్ ఇవ్వనివారి పేర్లు ఆ నెల జీతం బిల్లులో చేర్చబోమని రెండే రెండు వాక్యాలు. ఇంకోటి వాట్సాప్‌లో వచ్చినదాన్ని ప్రింటు తీయించింది. ‘టీకా తప్పనిసరి కాదు, సుప్రీంకోర్టు కొట్టేసింది’ అని లావుపాటి అక్షరాలు.

“కోర్టు కొట్టేసిందట కదండీ మాస్టారూ. మరి మా ఆఫీసోళ్ళేటి ఇలా రాసీసినారు?”

“ఏది కొట్టేసిందమ్మా?”

ఆవిడ వాట్సాప్ కాగితమే మళ్ళీ ముందుకు జరిపారు.

మొదటి డోసు వేయించుకున్న రోజు సాయంత్రానికే ఆవిడకు ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడలేదు. ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. రెండోది ఇప్పుడే వద్దని డాక్టరు చీటీ రాసిచ్చారు. మెమోలో ఆ చీటీకి చోటే లేదు. నేను నా వంతు రాగానే టీకా వేయించుకున్నవాణ్ణి. 2021 మే నెలలో మా వీధిలో ఎన్ని ఇళ్ళ ముందు అంబులెన్సు ఆగిందో చూసినవాణ్ణి. టీకా మీద నాకు అనుమానం లేదు, ఆ టీచరమ్మకూ లేదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, టీకా మంచిదా కాదా అన్నది డాక్టర్ల ప్రశ్న. ఈ ఉత్తర్వు చెల్లుతుందా లేదా అన్నది కోర్టు ప్రశ్న. తీర్పు చదివేటప్పుడు రెండూ కలిపేసుకుంటే మొదటి పేజీలోనే దారి తప్పుతాం.

ఇక పనిలోకి దిగుదాం. తీర్పు వంద పేజీలు దాటుతుంది. భయపడకండి. చివర్లో ముగింపు అన్న భాగంలో తేల్చిందంతా కుదించి రాశారు. అక్కడ ఒక్కో వాక్యం తీసుకుని దాని క్రియ కింద గీత గీయండి. తెలుగు వాక్యంలో క్రియ చివర్లో వచ్చి కూర్చుంటుంది, చెవికి తగులుతుంది. ఇంగ్లీషు వాక్యంలో అది మధ్యలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. మనవాళ్ళు దాన్ని దాటేసి నామవాచకాలు ఏరుకుంటారు. టీకా, హక్కు, ఆంక్ష అన్న మూడు మాటలు పట్టుకుని మిగతాది ఊహించేస్తారు.

మీరు గీత గీసిన క్రియలు మూడు రకాలుగా తేలతాయి.

కొన్నిచోట్ల కోర్టు ‘తేల్చింది’. శరీరం మీద మనిషికున్న అధికారానికి రాజ్యాంగం 21వ అధికరణం కింద రక్షణ ఉంది, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదు. ఇది తేల్చిన మాట. దాని పక్కనే ఇంకో మాటా తేల్చింది: అందరి ఆరోగ్యం కోసం ప్రభుత్వం వ్యక్తుల హక్కుల మీద కొన్ని పరిమితులు పెట్టవచ్చు. కేంద్రం టీకా విధానం అసమంజసం కాదన్నదీ తేల్చిన మాటే. వాట్సాప్ కాగితంలో మొదటిదొక్కటే ఉంది. ఇంకొందరు రెండోదొక్కటే పట్టుకుని, చూశారా, ఆంక్షలు పెట్టుకోవచ్చంది అంటారు.

ఇంకొన్నిచోట్ల ‘ఆదేశించింది’. ఒకటి చూడండి. టీకా తర్వాత ఎవరికైనా ఇబ్బంది వస్తే ఆ వివరాలు జనానికి అందుబాటులో ఉండే వేదిక మీద నమోదయ్యేలా చూడాలనీ, అందులో వ్యక్తుల వివరాలు బయటపడకూడదనీ కేంద్రానికి చెప్పింది. ఇక్కడి క్రియకు పళ్ళున్నాయి. చేయకపోతే అడగవచ్చు.

మరి ఆంక్షల సంగతి వచ్చేసరికి? అక్కడ క్రియ మారిపోయింది. టీకా వేయించుకోనివాళ్ళ వల్ల వ్యాధి ఎక్కువగా అంటుకుంటుందని చూపే లెక్కలేవీ ప్రభుత్వాలు తన ముందు పెట్టలేదనీ, కాబట్టి ఆ ఆంక్షలు తగిన పాళ్ళలో ఉన్నాయని అనలేమనీ కోర్టు తేల్చింది. ఆ వెంటనే, అటువంటి ఉత్తర్వులను అధికారులందరూ, ప్రైవేటు సంస్థలు, విద్యాసంస్థలతో సహా, సమీక్షించుకోవాలని ‘సూచించింది’. కొట్టేస్తున్నాం అన్న క్రియ అక్కడ వెతికితే దొరకదు. దేశంలో అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన సూచన చిన్నదేం కాదు, దాన్ని పక్కన పడేసిన అధికారి రేపు హైకోర్టులో జవాబు చెప్పుకోవాలి. అయినా సూచన సూచనే. అర్జీలో ‘కొట్టేసింది’ అని రాస్తే అవతలి ప్లీడరు లేచి తీర్పులో ఆ పేజీ చూపిస్తాడు. అక్కడితో మీ మిగతా నిజాలకూ విలువ పోతుంది.

క్రియ అయ్యాక రెండో గీత. దీన్ని జంటగీతగా గీయండి. ‘అంతవరకు’, ‘అయితే’ అన్న అర్థం వచ్చే ప్రతిచోటా. ఈ తీర్పులో ఒక పెద్ద ‘అంతవరకు’ ఉంది: కోవిడ్ కేసులు తక్కువగా ఉన్నంతవరకు, తగిన ఆంక్షలకు కారణం చూపే కొత్త పరిశోధన వచ్చేంతవరకు. ఒక పెద్ద ‘అయితే’ కూడా ఉంది. ముందుముందు ప్రభుత్వం టీకా వేయించుకోనివాళ్ళ మీద ఆంక్షలు పెట్టే అధికారానికి ఈ తీర్పు అడ్డం కాదు, అయితే అవి కోర్టు పరీక్షకు నిలవాలి అని. తలుపు మూయలేదు, గొళ్ళెం పెట్టింది.

ఆ పరీక్ష ఏమిటి? 2017 ఆగస్టు 24న, గోప్యత హక్కు గురించిన పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు చెప్పిందే. ఆంక్షకు వెనక చట్టం ఉండాలి. సాధించదలచిన అవసరం న్యాయమైనదై ఉండాలి. చేసే పని ఆ అవసరానికి తగిన పాళ్ళలో ఉండాలి. మొదటి రెండూ ప్రభుత్వాలు తేలిగ్గానే దాటుతాయి, అంటువ్యాధుల చట్టం 1897 నుంచీ ఉంది, విపత్తు నిర్వహణ చట్టం 2005 నుంచీ ఉంది. కాలు జారేది మూడోదాని దగ్గరే. మనవాళ్ళు పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అనేది దీన్నే.

మూడో పరీక్ష బాగా అర్థం కావాలంటే న్యూజిలాండ్ కేసొకటి చూడాలి. సేవలు ఆగకూడదంటూ, పోలీసులూ సైన్యమూ టీకా వేయించుకోకపోతే ఉద్యోగం పోతుందని అక్కడి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2022 ఫిబ్రవరి 25న అక్కడి హైకోర్టు దాన్ని పక్కన పెట్టింది. జడ్జి టీకాను తప్పుపట్టలేదు, ఆ మాట తీర్పులోనే విడమరిచి చెప్పారు. ఆయన చేసింది లెక్క అడగడం. పదిహేను వేలకు పైగా ఉన్న పోలీసు సిబ్బందిలో టీకా లేనివాళ్ళు 164 మంది. అంతే పెద్దదైన రక్షణ బలగంలో 115 మంది. ఉత్తర్వు రాకముందే దాదాపు అందరూ వేయించుకున్నారు. మరి ఈ కొద్దిమంది కొలువు తీసేస్తే సేవలు ఆగకుండా ఉండటానికి అదనంగా ఒరిగేదేమిటి? ఆ ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర సరిపడా జవాబు లేదు. హక్కు మీద దెబ్బ మాత్రం నిజమైనది. తగిన పాళ్ళు అంటే ఇదీ: ఎంత నష్టానికి ఎంత లాభం అని కాగితం మీద చూపించడం.

మూడో గీత కోర్టు ముందున్న ఉత్తర్వుల కింద. జాకబ్ పులియెల్ కేసులో నాలుగు చోట్లవి ఉన్నాయి: ఢిల్లీ, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, తమిళనాడు. మహారాష్ట్రది లోకల్ రైళ్ళ గురించి, మధ్యప్రదేశ్‌ది రేషను గురించి. ఉద్యోగులకు దగ్గరగా తగిలేది ఢిల్లీది. మొదటి డోసు కూడా వేయించుకోని ప్రభుత్వోద్యోగులను, టీచర్లను 2021 అక్టోబరు 16 నుంచి ఆఫీసులోకి రానివ్వబోమన్న 2021 అక్టోబరు 8 నాటి ఉత్తర్వు. మన రాష్ట్రం మెమో ఏదీ అక్కడ లేదు. కాబట్టి ‘మా మెమో గురించి సుప్రీంకోర్టు చెప్పింది’ అనకండి. ‘ఇలాంటి మెమోను ఏ కొలతతో కొలవాలో చెప్పింది’ అనండి.

అమెరికా కేసులు చూపించి వాదించేవాళ్ళు ఎదురవుతారు గనుక నాలుగు మాటలు. 2022 జనవరి 13న ఒక్కరోజే అక్కడి సుప్రీంకోర్టు రెండు నిర్ణయాలు చెప్పింది. వందమంది, అంతకు మించి పనిచేసే సంస్థల ఉద్యోగులకు టీకా లేదా కోవిడ్ పరీక్ష తప్పనిసరి చేసిన నిబంధనను ఆపింది, ప్రభుత్వ ఆరోగ్య నిధులు తీసుకునే ఆస్పత్రుల సిబ్బందికి పెట్టినదాన్ని సాగనిచ్చింది. టీకా అదే, కోర్టూ అదే. నిబంధన పెట్టిన శాఖకు చట్టం అంత అధికారం ఇచ్చిందా అన్నదొక్కటే తేడా. ఇక ఫెడరల్, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ, ఉద్యోగుల టీకా ఉత్తర్వును 2022 జనవరి 21న టెక్సాస్‌లో ఒక జడ్జి ఆపారు. 2023 మేలో ప్రభుత్వమే దాన్ని ఎత్తేసింది. ఆ ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసులో కింది తీర్పును రద్దుచేసింది, ఇక తేల్చడానికేమీ మిగల్లేదని. అంటే ఆ కేసు గెలిచారని చెప్పుకునే తీర్పు ఇప్పుడు నిలబడి లేదు. పైగా అక్కడిదేదీ మన కోర్టులను కట్టడి చేయదు.

ఎక్కడికి వెళ్ళాలన్నది క్లుప్తంగా చెప్తాను, వివరంగా 8వ పాఠంలో. ఉద్యోగుల సర్వీసు తగాదాలు వినే పరిపాలనా ట్రిబ్యునల్ మన రాష్ట్రంలో ఇప్పుడు లేదు, రాష్ట్ర ఉద్యోగులు రాజ్యాంగం 226వ అధికరణం కింద అమరావతి హైకోర్టుకే వెళ్ళాలి. విజయనగరం స్టేషనులో పనిచేసే రైల్వేవాళ్ళు, తపాలావాళ్ళు ముందు కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచికి పోవాలి. ఎక్కడికి పోయినా ముందు ఒక అర్జీ ఇచ్చి, దాని రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ముద్ర లేకపోతే, నువ్వు మమ్మల్ని అడగలేదు కదా అంటారు.

ఆ టీచరమ్మతో రాయించిన పేరా ఇది, అవసరమైతే వాడుకోండి:

“తమరి మెమోలో ఏ చట్టం, ఏ నిబంధన కింద జీతం ఆపుతున్నదీ తెలుపలేదు. ధ్రువపత్రం లేనందున జీతం నిలుపుదల ఏ అవసరానికి, ఏ సమాచారం ఆధారంగా తగినదో తెలుపలేదు. నేను మొదటి డోసు తీసుకున్నాను. రెండవ డోసు ప్రస్తుతం వాయిదా వేయవలసినదిగా డాక్టరుగారు ఇచ్చిన పత్రం జతచేస్తున్నాను. జాకబ్ పులియెల్ కేసులో గౌరవ సుప్రీంకోర్టు ఇటువంటి ఉత్తర్వులను సమీక్షించవలసినదిగా 02-05-2022న సూచించినది. కావున నా విషయంలో మెమోను పునఃపరిశీలించి, జీతం బిల్లులో నా పేరు చేర్చవలసినదిగా మనవి.”

చివరి నుంచి రెండో వాక్యం చూడండి. ‘సూచించినది’. ఆవిడ మొదట ‘కొట్టివేసినది’ అని రాశారు. నేను పెన్సిలు చేతికిస్తే తనే చెరిపి దిద్దారు. తర్వాతి నెల బిల్లులో పేరు వచ్చింది. అర్జీకి మాత్రం రాతపూర్వకంగా ఒక్క ముక్క జవాబు రాలేదు. నాకు ఇప్పటికీ అదే బాధ. జవాబు ఉంటే పక్క మండలంలో ఇంకొకరికి పనికొచ్చేది.

ఇంటి పని. కింది మూడు వాక్యాల్లో క్రియకు ఒక గీత, షరతుకు జంటగీత గీయండి. ఏది తేల్చడమో, ఏది సూచించడమో, ఏది ఆదేశించడమో పక్కన రాయండి.

ఒకటి: “పిటిషనరు వినతిపత్రాన్ని నాలుగు వారాల్లో పరిశీలించి ఉత్తర్వులు ఇవ్వవలసినదిగా రెండవ ప్రతివాదిని ఆదేశించడమైనది.”

రెండు: “సంజాయిషీ అడగకుండా జీతం నిలిపివేయడం సహజ న్యాయసూత్రాలకు విరుద్ధమని ఈ న్యాయస్థానం భావిస్తున్నది.”

మూడు: “తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు పిటిషనరుపై బలవంతపు చర్యలు తీసుకోకుండుట సముచితముగా నుండును.”

మూడోదాని దగ్గర తొందరపడకండి. దాన్ని పట్టుకుని ఆఫీసుకు వెళ్ళిన ఉద్యోగికి అది రక్షణ ఇస్తుందా, ఇవ్వదా? మీ జవాబుకు కారణం రెండు వాక్యాల్లో రాసుకుని ఉంచుకోండి. 6వ పాఠం అక్కణ్ణుంచే మొదలవుతుంది.