వరద రోజుల్లో తెలిసిన గొంతు

ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే లంక ఊళ్లలో టీవీ ఇక ఆగదు. అదే గండి, అదే పడవ, పదిసార్లు. వార్తలు పొద్దునొకసారి, సాయంత్రమొకసారి, పది నిమిషాలు చాలు. నీటిమట్టం ఎంతో రాసుకుని ఛానల్ మార్చేయండి.

ఆ తర్వాత పెట్టాల్సింది ఏళ్లుగా ఇంట్లో మనిషిలా వినిపించే వాళ్లని: సుమ కనకాల వేళాకోళమో, పాడిన పిల్లలకి బాలు గారు మెత్తగా తప్పు దిద్దే తీరో. చూసేసిన ఎపిసోడ్ అయితే మరీ మంచిది. ఏం జరుగుతుందో ముందే తెలుసు కాబట్టి మనసు కాపలా కాయక్కర్లేదు. ఎలిమినేషన్లుండే షోలు మాత్రం వద్దు, ఉన్న గాభరా చాలదూ!

కరెంటు పోకముందే మూడు నాలుగు ఎపిసోడ్లు తక్కువ క్వాలిటీలో ఫోన్‌లోకి దించుకోండి. పవర్ బ్యాంకులో సగం కాల్స్‌కే ఉంచాలి. ఆటోప్లే ఆపేయండి, లేదంటే ఒక్క ఎపిసోడ్ కాస్తా తెల్లారేదాకా సాగుతుంది. కామెంట్లు తెరవొద్దు, అక్కడా వరద గొడవే. మామ్మగారు పక్కనుంటే ఇయర్‌ఫోన్స్ తీసేసి, ఫోన్‌ని ఖాళీ స్టీలు గిన్నెలో నిలబెట్టండి, గొంతు గదంతా వినిపిస్తుంది.

నీళ్లు తీశాక కూడా రెండు వారాలు నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితమే.