తొలకరికి ముందు ఇంటి కరెంటు లెక్క చూసుకోండి

"ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే అదే పడిపోతుంది" అని, కరెంటు మోతాదు మించితే దానంతటదే పడిపోయే ఆ స్విచ్చు మీద చాలామంది ధీమాగా ఉంటారు. వానాకాలంలో ఆ ధీమా ప్రాణం మీదికి తెస్తుంది. ఎందుకో తెలియడానికి బడిలో చదివిన ఓమ్ సూత్రం చాలు: వోల్టేజీని రెసిస్టెన్స్‌తో భాగిస్తే కరెంటు.

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. ఒళ్లు పొడిగా ఉంటే రెసిస్టెన్స్ పదుల వేల ఓమ్‌లు ఉండొచ్చు. చెయ్యి తడిసి, చెప్పుల్లేకుండా తడి నేల మీద నిలబడితే అది వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోతుంది. 230ని 1000తో భాగించండి. 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీఆంపియర్లు. పది పదిహేను మిల్లీఆంపియర్లకే పట్టుకున్న చెయ్యి విడవదు. ముప్పై దాటి కాసేపు పారితే ఊపిరికీ గుండెకూ ప్రమాదం. కానీ 16 ఆంపియర్ల ఎంసీబీకి ఆ 0.23 లెక్కే కాదు, ఇంట్లో ఇంకో ఫ్యాను వేసినట్టే.

ఎంసీబీ కాపాడేది వైర్లను. మనిషి కోసం ఉన్నది ఆర్‌సీసీబీ అనే ఇంకో స్విచ్చు. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగొస్తోందా అని అది చూస్తూ ఉంటుంది, తేడా, అంటే మనిషి గుండానో మరోలానో భూమిలోకి కారిపోతున్నది, 30 మిల్లీఆంపియర్లకు చేరితే 0.3 సెకన్లలోపు ఆపేస్తుంది. షాపులో 30 మిల్లీఆంపియర్లదే అడగండి. 100, 300 రకాలు మనిషిని కాపాడటానికి సరిపోవు. నెలకోసారి దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కండి. పడిపోకపోతే వెంటనే మార్పించండి. ఫేజు ఒక చేత్తో, న్యూట్రల్ ఇంకో చేత్తో పట్టుకుంటే మాత్రం అదీ కనిపెట్టలేదు. కాబట్టి బోర్డు విప్పే ముందు మెయిన్ ఆపాల్సిందే.

ఎర్తింగ్ కూడా ఇదే లెక్క. ఎండలకు ఎర్త్ గుంత ఎండిపోయి దాని రెసిస్టెన్స్ 50 ఓమ్‌లకు చేరిందనుకోండి. ఫ్రిజ్ బాడీకి ఫేజు తగిలినా భూమిలోకి పారేది 4.6 ఆంపియర్లే. ఎంసీబీ కదలదు, ఫ్రిజ్ తలుపు మీద కరెంటు అలాగే ఉంటుంది. గుంతలో నీళ్లు పోయించి, క్లాంపు తుప్పు గీకించి, ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి రీడింగ్ తీయించండి.

ఇక లూజ్ కాంటాక్ట్. ఒకసారి మా గీజర్ ప్లగ్గు ఊడదీస్తే ఒక పిన్ను మొదట్లో గోధుమరంగు మరక, దగ్గరికి తీసుకుంటే కాలిన ప్లాస్టిక్ వాసన. 2000 వాట్ల గీజర్‌ను 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు. ఒక చోట పుట్టే వేడి కరెంటు వర్గాన్ని రెసిస్టెన్స్‌తో గుణించినంత. వదులైన పిన్ను దగ్గర అర ఓమ్ ఉన్నా దాదాపు 38 వాట్లు. టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే ఉంటుంది! అలాంటి వేడి గోడలోని సాకెట్‌లో రోజూ అరగంట కూర్చుంటోందన్నమాట. మరక కనిపిస్తే ప్లగ్గు, సాకెట్ రెండూ మార్చండి. 1500 వాట్ల నీళ్ల రాడ్డుకు 6.5 ఆంపియర్లు కావాలి. దాన్ని 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లో పెట్టకండి.

అన్నిటికన్నా నాకు భయం దండెం అంటే. ఇనుప తీగ కట్టి, ఒక కొస మీటరు పక్కనున్న పైపుకు ముడివేస్తారు. స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరు తొడుగు అక్కడ ఒరుసుకుపోతే తీగంతా కరెంటే. తడి బట్ట, తడి చెయ్యి, మళ్లీ అదే వెయ్యి ఓమ్‌ల లెక్క. పైగా సర్వీసు వైరు మీటరుకు ముందుంటుంది కాబట్టి ఇంట్లోని ఆర్‌సీసీబీకి ఆ సంగతే తెలియదు. ఈ వారంలోనే ఆ తీగ విప్పేసి, కరెంటు వైర్లకు దూరంగా నైలాన్ తాడు కట్టండి. వైరు తొడుగు చిరిగి ఉంటే మీరు ముట్టుకోకుండా 1912కు ఫోన్ చేయండి.

ఎవరైనా కరెంటుకు అంటుకుపోతే చేత్తో లాగకండి. ముందు మెయిన్ ఆపండి. అది కుదరకపోతే పొడి నేల మీద నిలబడి, పొడి కర్రతో పక్కకు నెట్టి, 108కి ఫోన్ చేయండి. మెయిన్ ఎక్కడుందో ఇంట్లో పిల్లలకు, పెద్దవాళ్లకు ఈ రోజే చూపించండి.