కంఫర్టర్ తడిపే ముందు ఎక్కడ ఆరేస్తారో చూసుకోండి

చలిదేశానికి కొత్తగా వచ్చినవాళ్లకి ఇల్లు సర్దుకున్న కొన్నాళ్లకి ఎదురయ్యే చిక్కు ఇది. రోజూ వేసుకునే బట్టలు మెషిన్‌లో పడేస్తాం, మరి మంచమంత కంఫర్టర్ (దూదో ఈకలో నింపి కుట్టిన మందపాటి దుప్పటి), దిండ్లు, కర్టెన్ల సంగతి? ఉతకడం అంత కష్టమేమీ కాదు, ఆరబెట్టడమే అసలు పని. లోపల తడి ఉండిపోయిందంటే ముక్కిన వాసన, ఆపైన బూజు. అందుకే ఆరేసే చోటు ఖాయం చేసుకున్నాకే నీళ్లలో పెట్టండి.

ముందు లేబుల్ చూడండి. నీళ్ల తొట్టి బొమ్మ మీద ఇంటూ మార్కు ఉంటే ఇంట్లో ఉతకొద్దు, తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తో ఉతకాలని, అంకె ఉంటే నీళ్ల వేడి అంతకు మించకూడదని అర్థం. చదరంలో గుండ్రం ఉంటే అది డ్రైయర్ గుర్తు.

మెషిన్ తలుపు మూసుకుంది కదా అని పట్టిందనుకోకండి. డ్రమ్ములో పైన జానెడు ఖాళీ లేకపోతే సబ్బు సరిగా వదలదు. మధ్యలో నిలువు కడ్డీలా అజిటేటర్ ఉండే టాప్‌లోడ్ మెషిన్‌లో అయితే మెలిపడి కుట్లు తెగుతాయి, నా మాట విని అందులో వేయకండి. పెద్ద మెషిన్లుండే లాండ్రీకి పట్టుకెళ్లండి, లేదా ఇంట్లో బాత్‌టబ్ ఉంటే అదే చాలు.

టబ్‌లో సగం దాకా గోరువెచ్చని నీళ్లు పోసి, కొంచెమే లిక్విడ్ డిటర్జెంట్ కలిపి, కంఫర్టర్ మునిగాక కాళ్లతో నెమ్మదిగా తొక్కండి, తర్వాత నురగ పూర్తిగా పోయేదాకా నీళ్లు మారుస్తూ జాడించండి. ఒక కొస పట్టుకుని మాత్రం పైకి లాగకండి, నీళ్ల బరువుకి కుట్లు తెగి లోపలి దూదంతా ఒక పక్కకి చేరుతుంది. నీళ్లు వదిలేసి, టబ్‌లోనే చుట్టచుట్టి, మోకాళ్లతో నొక్కి నొక్కి నీరు కారనిచ్చి, అప్పుడు పసిపిల్లని ఎత్తినట్టు రెండు చేతుల మీదకి తీసుకోండి.

డ్రైయర్ ఉంటే తక్కువ వేడిలో, రెండు శుభ్రమైన టెన్నిస్ బంతులు వేసి తిప్పండి, అరగంటకోసారి తీసి దులపండి. ఈకలు నింపినవి పైకి పొడిగానే ఉంటాయి, వేళ్లతో నలిపితే గడ్డ తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే. డ్రైయర్ లేకపోతే రెండు స్టాండ్లు పక్కపక్కన పెట్టి వాటి మీద పరిచి, కిటికీ కాస్త తెరిచి ఫ్యాన్ వేయండి. ఎలక్ట్రిక్ హీటర్ మీద అస్సలు కప్పొద్దు, నిప్పంటుకుంటుంది.

దిండ్లు రెండేసి వేస్తే స్పిన్‌లో మెషిన్ ఊగిపోదు. మెమరీ ఫోమ్ దిండు మాత్రం నీళ్లలో ముంచొద్దు, కవరు ఒక్కటే ఉతకండి. కర్టెన్లు తడి పొడిగా ఉండగానే తగిలించేస్తే ముడతలు వాటంతటవే పోతాయి.

ఇంత శ్రమ తరచూ పడకూడదంటే కంఫర్టర్‌కి కవరు కొనుక్కోండి. కాటన్‌దైతే, లేబుల్ ఒప్పుకుంటే 60 డిగ్రీల్లో ఉతకొచ్చు, ఆ వేడికి డస్ట్ మైట్లు, అంటే పక్కబట్టల్లో చేరే కంటికి కనపడని పురుగులు, చస్తాయి. లోపల నాలుగు మూలలా నాడాలు ఉన్నదే తీసుకోండి, కంఫర్టర్ మూలలు వాటికి కట్టేస్తే లోపల ముద్దకట్టదు.