దున్న దూడలు బరువు పెరిగేలా మేపడం ఎలా?

పాడి ఉన్న ఇంట్లో పెయ్య దూడ పుడితే అందరికీ మురిపెం. దున్న దూడ పుడితే మాత్రం గేదె చేపడానికి దాన్ని కాసేపు పొదుగు దగ్గరకు వదిలి, నాలుగు గుక్కలు తాగీ తాగకముందే లాగి గుంజకు కట్టేస్తారు. అలా ఎండిపోయి, నెలలు నిండకుండానే చనిపోయే దూడలు మన ఊళ్లలో లెక్కలేనన్ని. పశుమాంసం ఎగుమతిలో మన దేశం అనుమతించేది గేదె జాతి మాంసాన్నే కనుక, ఒద్దికగా మేపిన దున్నకు బేరం ఎప్పుడూ ఉంటుంది. ఇందుకు ఖరీదైన దాణా కంటే ముందు కావలసినది క్రమం. నెమరువేసే పశువు పెద్ద పొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి పశువుకు శక్తిగా మార్చి ఇస్తాయి. మనం మేపేది ముందుగా వాటినే. అవి కొత్త మేతకు అలవాటు పడడానికి రెండు మూడు వారాలు పడుతుందన్న సంగతి గుర్తుంటే, కింద చెప్పబోయే జాగ్రత్తల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి.

మొదటి మూడు నెలలు

దూడ పుట్టిన గంట, రెండు గంటల్లోపే ముర్రుపాలు తాగాలి. మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దూడకు 3 లీటర్లు, విడతలుగా అందించాలి. గేదె దూడలకు తల్లి పాల ద్వారానే ఏలికపాములు సంక్రమిస్తాయి. అందువల్ల రెండో వారంలోనే పశువైద్యుడు చెప్పిన మోతాదులో పైపెరజిన్ మందు తాగించాలి. తెల్లగా పారుతూ, పొట్ట జారి, వెంట్రుకలు నిక్కబొడుచుకున్న దూడకు ఎంత దాణా పెట్టినా అది పాములకే చేరుతుంది. రెండో వారం నుండే గుప్పెడు దూడల దాణా, లేత పచ్చగడ్డి అందుబాటులో ఉంచితే పెద్ద పొట్ట త్వరగా ఎదుగుతుంది. పాలు అమ్ముకోవాలన్న తొందరలో దూడ నోరు కట్టేవారికి ఒక్కటే మనవి: ఈ మూడు నెలల్లో పోయిన ఎదుగుదల తర్వాత ఎంత మేపినా పూర్తిగా తిరిగి రాదు.

మేత లెక్క వేయడం

పచ్చిమేతలో ఎక్కువ భాగం నీరే కనుక, మేతను తడి బరువుతో కాకుండా అందులోని ఎండు పదార్థంతో లెక్కించాలి. ఎదిగే దూడకు రోజుకు దాని బరువులో 2.5 నుండి 3 శాతం ఎండు పదార్థం అవసరం. 150 కిలోల దూడకు 10 కిలోల పచ్చిమేత, కిలో ఎండుగడ్డి, కిలోన్నర దాణా పెడితే సుమారు 4.2 కిలోల ఎండు పదార్థం అందుతుంది. ఆరోగ్యంగా ఉన్న ముర్రా సంకర దూడ ఈ మేత మీద రోజుకు అర కిలోకు కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది.

దాణాను ఇంట్లోనే కలుపుకోవచ్చు. 100 కిలోలకు మొక్కజొన్న రవ్వ 35, వేరుశనగ చెక్క లేదా పత్తి చెక్క 30, తవుడు 32, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో సరిపోతాయి. మొక్కజొన్నను మెత్తని పిండిగా కాకుండా రవ్వగా ఆడించాలి. పిండి పొట్టలో త్వరగా పులిసి ఆమ్లం పెంచుతుంది. బూజు వాసన వచ్చే వేరుశనగ చెక్క ఎంత చవకగా దొరికినా కొనవద్దు. పత్తి చెక్కను చిన్న దూడలకు పెట్టకపోవడమే మేలు.

ఇక్కడ మగ దూడలకే ప్రత్యేకమైన ఒక ప్రమాదం ఉంది. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. చవక కదా అని తవుడు మీదనే మేపితే మూత్రనాళంలో రాళ్లు ఏర్పడి మూత్రం బిగుసుకుపోతుంది. దూడ తోక ఎత్తి ముక్కుతూ చుక్కలు చుక్కలుగా పోస్తుంటే, సాయంత్రం దాకా చూద్దామనుకోకుండా వెంటనే వైద్యుణ్ణి పిలవాలి. ఖనిజ లవణ మిశ్రమం, ఉప్పు, ఎప్పుడూ తొట్టి నిండా మంచినీరు ఉంటే ఈ ముప్పు చాలావరకు తగ్గుతుంది.

వరిగడ్డిని బలమైన మేతగా మార్చడం

మన ప్రాంతంలో ఎక్కువగా దొరికేది వరిగడ్డి. అందులో మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు. దాన్ని యూరియాతో మాగబెడితే ఆ శాతం దాదాపు రెట్టింపవుతుంది, అరుగుదల కూడా పెరుగుతుంది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, గడ్డిని పొరలు పొరలుగా పరుస్తూ ప్రతి పొర మీదా సమంగా చల్లి, గాలి లేకుండా తొక్కి, ప్లాస్టిక్ పట్టాతో కప్పి అంచులు మట్టితో మూయాలి. 21 రోజుల తర్వాత పట్టా తీసేసరికి గడ్డి తేనె రంగుకు తిరిగి, చేత్తో నలిపితే మెత్తగా ఉంటుంది. కళ్లు మండేంత అమ్మోనియా వాసన వస్తుంది. ఆ వాసన పోయేదాకా గంటసేపు ఆరబెట్టి, మామూలు గడ్డిలో కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు ఇది పనికిరాదు. యూరియాను పశువు తాగే నీళ్లలో గానీ దాణాలో గానీ నేరుగా కలపడం ప్రాణాంతకం. యూరియా కలిపిన బకెట్‌ను కొట్టంలో వదిలేయడం కూడా ప్రమాదమే.

పచ్చిమేతగా సూపర్ నేపియర్, మొక్కజొన్న వేసుకుని, వాటితో పాటు అలసంద, లూసర్న్ వంటి పప్పుజాతి మేత కొంత కలపాలి. జొన్న మేపేవారు పైరు పూతకు వచ్చేవరకు ఆగాలి. లేత జొన్న, ముఖ్యంగా బెట్టకు వాడిపోయి మళ్లీ చిగిర్చిన పిలక, మేసిన పశువు నాము (లేత జొన్నలోని సైనైడ్ విషం) పట్టి నిమిషాల్లో పడిపోవచ్చు.

దాణా పెంచే తీరు

అమ్మకానికి ముందు చివరి మూడు నెలల్లో దాణాను మొత్తం ఎండు పదార్థంలో సగం వరకు తీసుకువెళ్లవచ్చు. అయితే మూడు, నాలుగు రోజులకొకసారి పావు కిలో చొప్పున మాత్రమే పెంచాలి. ఒక్కసారిగా పెంచితే పొట్ట పులిసి, దూడ మేత మాని, నెమరు ఆపి, పుల్లని వాసనతో పలుచగా పారుతుంది. రోజూ ఉదయం పేడ చూడడం అలవాటు చేసుకోండి: అట్లలా గుండ్రంగా పడితే మేత కుదిరినట్టు, బుడగలతో జారుతుంటే దాణా ఎక్కువైనట్టు, గట్టి ఉండలుగా పడితే నీరు చాలనట్టు. ఒకే వేళకు, రెండు మూడు విడతలుగా పెట్టాలి. గేదె జాతికి చెమట గ్రంథులు తక్కువ కనుక వేసవిలో ఎండకు మేత మానేస్తుంది. ఎక్కువ మేతను తెల్లవారుజామున, పొద్దుగూకాక వేసి, మధ్యాహ్నం ఒంటి మీద నీళ్లు చల్లాలి.

నెలకొకసారి కొలత

కాటా లేకపోయినా దర్జీ టేపు చాలు. దూడను చదునైన నేల మీద నిలబెట్టి, ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను, భుజం కొన నుండి పిరుదు ఎముక వరకు పొడవును అంగుళాల్లో తీసుకోవాలి. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో మళ్లీ గుణించి, 660తో భాగిస్తే వచ్చేది ఇంచుమించు కిలోల బరువు. చుట్టుకొలత 48, పొడవు 42 ఉంటే 147 కిలోలు. నెల తర్వాత 50, 43 అయితే 163 కిలోలు. అంటే రోజుకు 530 గ్రాములు పెరిగినట్టు. కొలత ఎప్పుడూ ఉదయం మేతకు ముందే తీయాలి, లేకపోతే నిండిన పొట్ట మనల్ని మోసం చేస్తుంది. రెండు నెలలు వరుసగా ఎదుగుదల తగ్గితే, దాణా పెంచేముందు పేడ పరీక్ష చేయించి నట్టల మందు వేయించాలి. గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి, గొంతువాపు టీకా వానలకు ముందు తప్పనిసరి.

వయసు పెరిగేకొద్దీ దూడ కండకు బదులు కొవ్వు పట్టడం మొదలవుతుంది. కిలో కొవ్వుకు కిలో కండ కంటే చాలా ఎక్కువ మేత ఖర్చవుతుంది. అందువల్ల నెలవారీ పుస్తకంలో పెరిగిన కిలోల విలువ, ఆ నెల మేత ఖర్చు సమానమైన నాడే అమ్మకానికి సమయం వచ్చిందని తెలుసుకోవాలి. ఆ బేరానికి ముందు, ఏ వయసు పశువును వధకు అనుమతిస్తారో, ఏ ధ్రువపత్రం కావాలో మీ మండల పశువైద్యశాలలో అడిగి, రవాణాకు అవసరమైన కాగితాలు సిద్ధం చేసుకోండి.