ఐపీ రేంజ్‌లో ఎన్ని అడ్రస్‌లు ఉంటాయో లెక్కించడం ఎలా?

రౌటర్ సెట్టింగ్స్‌లో 192.168.1.0/24 లాంటిది చూసే ఉంటారు. ఆ 24 అడ్రస్‌ల సంఖ్య కాదు. ఐపీవీ4 (నాలుగు అంకెలతో రాసే మామూలు ఐపీ) అడ్రస్‌లోని 32 బిట్లలో మొదటి 24 నెట్‌వర్క్‌వి అని అర్థం. మిగిలిన 8 బిట్లే మన లెక్కకు కావాలి.

1. స్లాష్ తర్వాతి అంకెను 32 లోంచి తీసేయండి. 1తో మొదలుపెట్టి, మిగిలినన్ని సార్లు రెట్టింపు చేయండి. /26 అయితే మిగిలేది 6: 2, 4, 8, 16, 32, 64. అంటే 64 అడ్రస్‌లు. ప్రతిసారీ ఇంత అక్కర్లేదు. /24 అంటే 256 అని గుర్తుంటే చాలు. స్లాష్ అంకె ఒకటి పెరిగితే సగమవుతుంది, ఒకటి తగ్గితే రెట్టింపవుతుంది. /25కి 128, /23కి 512, /22కి 1024.

2. స్లాష్‌కు బదులు సబ్‌నెట్ మాస్క్ (అదే విషయాన్ని నాలుగు అంకెల్లో చెప్పే రూపం) ఇచ్చారా? నాలుగు అంకెల్లో ఒక్కోదాన్నీ 256 లోంచి తీసేసి, వచ్చినవాటిని గుణించండి. 255.255.252.0 అయితే 1 × 1 × 4 × 256, అంటే 1024.

3. రేంజ్ ఎక్కడ మొదలవుతుందో చూడండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 192.168.1.77/26 అని ఉంటే 77 నుంచి 64 అడ్రస్‌లు లెక్కపెట్టకూడదు. /26 బ్లాకులు 0, 64, 128, 192 దగ్గరే మొదలవుతాయి. 77 పడేది 64తో మొదలయ్యే బ్లాకులో. కాబట్టి రేంజ్ 192.168.1.64 నుంచి 192.168.1.127 వరకు. /22లో ఇదే లెక్క మూడో అంకె మీద, నాలుగేసి చొప్పున నడుస్తుంది: 10.20.37.5/22 అంటే 10.20.36.0 నుంచి 10.20.39.255 దాకా.

4. పరికరాలకు ఇవ్వగలిగేవి ఎన్ని? మామూలుగా రెండు తీసేయాలి. మొదటిది నెట్‌వర్క్ పేరు లాంటిది, చివరిది బ్రాడ్‌కాస్ట్, అంటే నెట్‌వర్క్‌లోని అన్ని పరికరాలకూ ఒకేసారి పంపేందుకు వాడేది. /24లో మిగిలేవి 254. రెండు రౌటర్లను నేరుగా కలిపే /31 లింకులో మాత్రం రెండూ వాడుకోవచ్చు. క్లౌడ్‌లో ఇంకాస్త జాగ్రత్త: అమెజాన్ ఏడబ్ల్యూఎస్ ప్రతి సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లోని ఒక్కో ముక్కలో) 5 అడ్రస్‌లు తన దగ్గరే ఉంచుకుంటుంది. అక్కడ /28 తీసుకుంటే 16కు 11 మాత్రమే మీవి. సర్వర్లు పెరుగుతాయనుకుంటే మొదటే పెద్దది తీసుకోవడం మేలు.

5. స్లాష్ లేకుండా మొదలు, చివర మాత్రమే ఇస్తే, చివరిదాంట్లోంచి మొదటిది తీసేసి 1 కలపండి. రౌటర్‌లో డీహెచ్‌సీపీ పూల్ (పరికరాలకు ఆటోమేటిక్‌గా ఇచ్చే అడ్రస్‌లు) 192.168.1.100 నుంచి 199 వరకు ఉంటే 100 అడ్రస్‌లు, 99 కాదు. మూడో అంకె కూడా మారితే ఆ తేడాను 256తో గుణించి కలపాలి. 10.0.4.50 నుంచి 10.0.6.20 వరకు: 2 × 256 = 512, చివరి అంకెల తేడా మైనస్ 30, పైన 1. మొత్తం 483.

ఆ 100 అడ్రస్‌ల పూల్‌నే ఫైర్‌వాల్‌లో (ఏ అడ్రస్‌లను అనుమతించాలో నిర్ణయించే చోట) ఒకే స్లాష్‌తో రాద్దామంటే కుదరదు. బ్లాకు సైజు ఎప్పుడూ 64, 128 లాంటి రెట్టింపు సంఖ్యే కావాలి. పైగా సరిగ్గా తన హద్దు దగ్గరే మొదలవ్వాలి. అందుకే ఐదు ముక్కలు చేయాలి: 192.168.1.100/30, 192.168.1.104/29, 192.168.1.112/28, 192.168.1.128/26, 192.168.1.192/29. వీటి సైజులు 4, 8, 16, 64, 8. కలిపితే 100. పూల్‌ను 128 నుంచి 191 వరకు పెట్టుకుని ఉంటే ఒక్క /26తో పని అయిపోయేది.