క్లచ్ వదిలితే బండి ఆగిపోతోందా? లైసెన్స్ టెస్ట్ కోసం ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పుతుంటే కాలు కింద పడుతోందా?

బండి నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా అనే మాట "నాకు బ్యాలెన్స్ రావట్లేదు". సైకిల్ తొక్కడం వచ్చినవాళ్ళకు బ్యాలెన్స్ ఉన్నట్టే, అది ఎక్కడికీ పోదు. బండి మీద దెబ్బతినేది చూపు దగ్గర, క్లచ్ పట్టే ఎడమ చేతి దగ్గర. కింద రాసిన సమస్యల్లో చాలావాటికి మూలం ఈ రెండే.

సమస్య: క్లచ్ వదలగానే బండి ఒక్క దూకు దూకి ఆగిపోతోంది

కారణం: క్లచ్‌ని స్విచ్‌లా వాడుతున్నారు. లీవర్ నొక్కితే ఇంజిన్‌కీ వెనక చక్రానికీ లింకు తెగుతుంది, వదులుతున్న కొద్దీ లోపల ప్లేట్లు రాసుకుంటూ మెల్లగా పట్టుకుంటాయి. ఆ రాసుకునే చోటే హాఫ్ క్లచ్. ఆగి ఉన్న చక్రాన్ని ఒక్కసారిగా తగిలిస్తే, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ ఇవ్వకుండా) తిరుగుతున్న ఇంజిన్‌కి అంత బరువు లాగే బలం ఉండదు.

పరిష్కారం: చదునైన ఖాళీ జాగాలో ఫస్ట్ గేర్ వేసి, యాక్సిలరేటర్ అసలు ముట్టుకోకుండా, కాళ్ళు రెండూ నేల మీదే ఉంచి క్లచ్‌ని కొంచెం కొంచెంగా వదలండి. బండి కదిలిందనిపించగానే మళ్ళీ నొక్కేయండి. ఇలా ఓ 50 సార్లు చేయండి. బోర్ కొడుతుంది, నిజమే, కానీ ఆ చోటు ఎక్కడుందో వేళ్ళకు తెలిసిపోయాక మీరు దాని గురించి ఆలోచించాల్సిన పనే ఉండదు. ఆ తర్వాతే యాక్సిలరేటర్ కలపండి. ఇంత చేసినా ఆగిపోతుంటే బండి సెకండ్ గేర్‌లో ఉందేమో ఒకసారి చూసుకోండి.

ఇంకో రకం ఉంది. క్లచ్ పూర్తిగా నొక్కే ఉన్నారు, అయినా గేర్ వేయగానే ఇంజిన్ ఆఫ్ అవుతోంది. చాలా బళ్ళలో సైడ్ స్టాండ్‌కి స్విచ్ ఉంటుంది, స్టాండ్ దించి ఉంటే గేర్ పడగానే ఇంజిన్ ఆపేస్తుంది. స్టాండ్ తీయండి, అంతే.

సమస్య: న్యూట్రల్ పడట్లేదు

బండి పూర్తిగా ఆగాక వెతక్కండి, ఇంకా కాస్త దొర్లుతుండగానే వేసుకోండి. ఫస్ట్‌కీ సెకండ్‌కీ మధ్య న్యూట్రల్ ఉండే బళ్ళలో కాలివేళ్ళతో తేలిగ్గా తడితే చాలు, గట్టిగా తన్నితే దాటిపోతుంది. క్లచ్ పూర్తిగా నొక్కినా బండి ముందుకు పాకుతుంటే మాత్రం తప్పు మీది కాదు, కేబుల్ మరీ లూజుగా ఉంది. మెకానిక్‌కి చూపించండి.

సమస్య: ఎనిమిదిలో కాలు కింద పెట్టేస్తున్నాను

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నా మొదటి టెస్ట్ పోయింది ఇక్కడే. రెండో వంపులో గీత తొక్కుతానేమోనన్న భయంతో ముందు చక్రం వైపే చూస్తూ ఉండిపోయాను, బండి లోపలికి వాలింది, కాలు పడింది.

కారణాలు మూడు. ఒకటి, కిందకి చూడటం: కళ్ళు ఎటు పోతే చేతులు అటే పోతాయి. రెండోది, భయం వేయగానే క్లచ్ పూర్తిగా నొక్కేయడం. నడక వేగంలో బండిని నిలబెట్టేది వెనక చక్రానికి అందుతున్న లాగుడే, అది తెగితే వంపులో ఉన్న బండి పడటానికే చూస్తుంది. మూడోది, హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేక్ పట్టడం. ఈ మూడోది అన్నిటికన్నా ప్రమాదం, బండి చప్పున కూలబడుతుంది.

పరిష్కారం: యాక్సిలరేటర్ కొద్దిగా, కదపకుండా ఒకేలా ఉంచండి. వేగం అంతా హాఫ్ క్లచ్‌తోనే చూసుకోండి. వెనక బ్రేక్ మీద పాదం తేలిగ్గా ఆనించండి, ఇంజిన్ ముందుకి లాగుతుంటే బ్రేక్ వెనక్కి పట్టి ఉంచుతుంది కాబట్టి జర్కులు పోతాయి. ముందు బ్రేక్ మీద నుంచి వేళ్ళు తీసేయండి. మోచేతులు బిగపట్టకండి. బండిని లోపలికి వాలనివ్వండి, మీ ఒళ్ళు మాత్రం నిటారుగా ఉండాలి. గడ్డం ఎత్తి, వంపు అవతల మీరు వెళ్ళబోయే చోటును చూడండి. రెండు సున్నాలు కలిసే చోటుకి చేరకముందే తల రెండో వైపుకి తిప్పేయాలి, చాలామంది ఇక్కడే ఆలస్యం చేస్తారు. మొదట పెద్ద ఎనిమిది గీసుకుని, అది హాయిగా వచ్చాక కొద్దికొద్దిగా చిన్నది చేసుకోండి.

సమస్య: సడన్ బ్రేక్ వేస్తే వెనక చక్రం జారుతోంది

కారణం: బ్రేక్ పడగానే బరువంతా ముందుకి వెళ్తుంది, వెనక చక్రం తేలికవుతుంది, అప్పుడు పెడల్ తొక్కిపడితే అది తిరగడం మానేసి జారుతుంది.

పరిష్కారం: రెండు బ్రేకులూ వాడండి, ఆపే పని ఎక్కువగా ముందు బ్రేక్‌దే. దాన్ని కూడా గబుక్కున పట్టకూడదు. ముందు మెత్తగా నొక్కి, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే షాక్ అబ్జార్బర్లు) కిందకి దిగాక గట్టిగా పిండండి. హ్యాండిల్ తిన్నగా ఉండాలి. గంటకు 20 కిలోమీటర్ల దగ్గర మొదలుపెట్టి, తర్వాత 30, ఆపైన 40. వేగం రెట్టింపైతే బ్రేక్ పట్టాక ఆగడానికి కావలసిన దూరం దాదాపు నాలుగు రెట్లవుతుంది కాబట్టి తొందరపడకండి.

సమస్య: ప్రాక్టీస్‌లో అంతా బాగానే వస్తుంది, టెస్ట్‌లో టెన్షన్‌తో మర్చిపోతాను

ఒక కారణం బండి మారడం. హాఫ్ క్లచ్ ఒక్కో బండికి ఒక్కో చోట ఉంటుంది, అందుకే వీలైతే నేర్చుకున్న బండి మీదే టెస్ట్‌కి వెళ్ళండి. వీలుకాకపోతే పేరు పిలిచేలోపు ఆ కొత్త బండి క్లచ్‌ని నాలుగైదు సార్లయినా వదిలి చూసుకోండి. రెండో కారణం, చూసుకోవడం అనే పనిని ప్రాక్టీస్‌లో చేయకపోవడం. ఖాళీ గ్రౌండ్‌లో కూడా ప్రతి మలుపుకీ ముందు అద్దం, ఇండికేటర్, భుజం మీదుగా ఒక చూపు అని పైకి అంటూ చేయండి. మలుపు తిరిగాక ఇండికేటర్ ఆపడం కూడా అందులోనే కలపండి, చాలా బళ్ళలో అది దానంతటది ఆగదు.